ఎలాగూ విప్పాం కదా

'ఎలాగూ' మామయ్యకి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏదైనా విప్పడం మొదలుపెడితే, విప్పాల్సిన దాని దగ్గర ఆగడు. "ఎలాగూ విప్పాం కదా" అంటూ పక్కది కూడా విప్పుతాడు. పక్కదానికి ఇంకో పక్కది ఉండనే ఉంటుంది. గోడ అడ్డొచ్చేదాకా అలా పోతూనే ఉంటాడు.

ఒకసారి గోడ అడ్డొచ్చినా ఆగలేదు. వంటింటి కుళాయికి వాషరు మార్చమని అత్తయ్య అడిగిన పాపానికి, ఎలాగూ కుళాయి విప్పాం కదా అని పైపు, పైపు విప్పాం కదా అని గోడ తవ్వుకుంటూ వెళ్ళి అవతలి పడగ్గదిలో తేలాడు. "గాలి ఎంత బాగా ఆడుతోందో చూడు" అన్నాడు కన్నంలోంచి తల పెట్టి. అత్తయ్య ఆ కన్నంలోంచే కాఫీ అందించింది. మాట మాత్రం అందించలేదు.

ఇక ఆయన కార్లు బాగుచేసే షెడ్డుకి, అద్దం తుడిచే బ్రష్షు మార్పించుకోవాలన్నా ఇంట్లో అందరికీ చెప్పి వచ్చేవాళ్ళు. అయినా వచ్చేవాళ్ళు. ఆ చేతిలోంచి బయటపడ్డ బండి మళ్ళీ మొరాయించిన దాఖలా లేదు.

ఆయన బావగారు పళ్ళ డాక్టరు. పన్ను నొప్పని వెళ్ళి కుర్చీలో పడుకున్నాక కూడా మామయ్య ఊరుకోలేదు. "ఎలాగూ నోరు తెరిచాను కదా బావా, మిగతావి కూడా ఓసారి కదిపి చూడు" అన్నాడు.

"బాగున్నవాటిని కదపకూడదు బావా" అన్నాడు డాక్టరు.

"అలాగని వదిలేస్తే అవి ఎప్పుడు బాగుపడతాయి?"

ఆ డాక్టరుగారి కూతురే ఈ మామయ్యకి ముద్దుల మేనకోడలు. తన తర్వాత క్లినిక్ చూసుకుంటుందని తండ్రి ఆశపడితే, ఆ పిల్ల మెషిన్ల డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరి, ఓ పాత కారు కొని, కొండదారి పందేలకి వెళ్ళడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, "ఉప్పు ఇటిమ్మను" అని ఆయన, "అక్కడే ఉందని చెప్పు" అని ఈమె. మధ్యలో తల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజి అయిపోయింది.

వారమంతా ఆఫీసుకీ, సెలవురోజు పందేనికీ అదే కారు. పందెం కోసం ఇంజన్ జోరు పెంచాక, కొండ ఎక్కేటప్పుడు వేడెక్కిపోతోంది. వాటర్ పంపు మార్పిద్దామని మామయ్య దగ్గరికి తెచ్చింది.

"కరెంటుది వేసెయ్ మామయ్యా. తేలిగ్గా ఉంటుంది."

"అది ఆగిపోతే కొండ మీద నీళ్ళ బిందె పట్టుకుని నేను రావాలి. ఇంజన్‌తో పాటు తిరిగేదే వేద్దాం, రెక్కలు మార్చినది. మామూలు రెక్కలైతే నువ్వు తొక్కే తొక్కుడికి నీళ్ళు నురగైపోతాయి. నురగ ఇంజన్‌ని చల్లబరచదమ్మా, సబ్బులా తిరుగుతుందంతే."

"సరే, వెయ్యి మరి."

"వేస్తా. దానికి ముందున్న కవరు తియ్యాలి. ఎలాగూ కవరు విప్పాం కదా..."

మేనకోడలు కళ్ళు మూసుకుంది.

"...టైమింగ్ చైన్ కూడా మార్చేద్దాం. ఇది ఒంటివరస. సాగింది. తెగిందంటే వాల్వులూ పిస్టన్లూ తలలు బాదుకుంటాయి. రెండు వరసలది వేద్దాం."

"బరువు కదా?"

"నీ కోపమంత బరువుండదులే."

ఆఫీసు వైపు బస్సు లేదు. తండ్రి క్లినిక్ అదే దారిలో, కాస్త ముందుకెళ్తే వస్తుంది. మామయ్య బావగారికి ఫోన్ చేసి, "అమ్మాయి బండి విప్పేశాను, కాస్త దింపు బావా" అన్నాడు. తల్లి కూడా వంత పాడేసరికి తండ్రీకూతుళ్ళిద్దరికీ తప్పలేదు.

మొదటిరోజు దారంతా మౌనం. తర్వాతెప్పుడో తండ్రి రోడ్డుకేసి చూస్తూనే "బెల్టు" అన్నాడు. "పెట్టుకున్నాను" అంది కూతురు. వాళ్ళింట్లో అది పెద్ద సంభాషణ.

ఇక్కడ షెడ్డులో చైన్ వచ్చాక, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా మారుద్దామన్నాడు మామయ్య. అది వచ్చాక ఆయిల్ పంపు చూద్దామన్నాడు. పందెం వచ్చే ఆదివారం. మేనకోడలికి ఓపిక చచ్చింది. ఓ మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, ఆయన భోజనానికి వెళ్ళిన సమయం చూసి, షెడ్డులోకి వచ్చి బండి మీద కప్పిన గుడ్డ లాగేసింది.

బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ శుభ్రంగా బిగించి ఉంది. ఒక్క నట్టు బయట లేదు. తాళం తిప్పితే గుర్రుమంది. కాసేపు గట్టిగా తొక్కి చూసింది. చైన్ చప్పుడు లేదు. వేడి చూపించే ముల్లు సగానికి వచ్చి బుద్ధిగా నిలబడింది.

వెనక్కి తిరిగితే మామయ్య, చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడు.

"ఎప్పుడైపోయింది ఇది?"

"పోయినవారమే."

"మరి ఆయిల్ పంపు?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది." మామయ్య ఎడంచేత్తో మెడ గోక్కున్నాడు. "బండి తయారైపోయిందమ్మా. మీ నాన్నే ఇంకా పూర్తిగా వదులవలేదు. మొన్న నాకు ఫోన్ చేసి, కొండమీద మలుపులు ఎలా ఉంటాయని అడిగాడు. నిన్న రెండు వరసల చైన్ నిజంగా తెగదా అని అడిగాడు. ఇంకొన్నాళ్ళు కలిసి వెళ్తే ఆ అడిగేదేదో నిన్నే అడుగుతాడని..."

మేనకోడలు ఇంజన్ ఆపింది. కింద పడున్న గుడ్డ తీసి, మూలలు సర్ది, బండి మీద మళ్ళీ కప్పేసింది.

"శుక్రవారం వచ్చి తీసుకెళ్తా. అప్పటిదాకా నాన్న అడిగితే ఇంకా విప్పే ఉందని చెప్పు" అంది.

మర్నాడు పొద్దున్న, కారు వీధి చివర దాటగానే తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ ఆ చైన్ దేన్ని పట్టుకుని తిరుగుతుంది?"

"పళ్ళ చక్రాల్ని, నాన్నా."

"పళ్ళా?" ఆయన మొహంలోకి క్లినిక్ వెలుగు వచ్చింది. "అరుగుతాయా?"

"చైన్ వదులైతే ముందు అరిగేవి అవే. చైన్ ఒక్క పన్ను దాటినా ఇంజన్ లయ తప్పుతుంది."

"ఈ సంగతి ముందే చెప్పొద్దూ. చిగుళ్ళ సంగతేమిటి, ఆ పళ్ళని పట్టి ఉంచేది?"

ఆమె సీటులో పక్కకి తిరిగి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి దూర్చి చూపించడం మొదలుపెట్టింది. ఆయన మధ్యమధ్య ఆపి అడుగుతూనే ఉన్నాడు. కారు క్లినిక్ మెట్ల ముందు ఆగాక గానీ, ఆఫీసు ఎప్పుడో దాటి వచ్చేశామని ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.