పేరు పెట్టి పిలిచిన గొంతు

విజయనగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో డిజిటల్ మీడియా అధ్యాపకుడిగా నా చివరి సంవత్సరాలు గడిచాయి. రెండేళ్ల కిందటి వేసవిలో నాకు ఇంటర్న్‌షిప్ మెంటర్ బాధ్యత అప్పగించారు. విద్యార్థులను ఆఖరి సెమిస్టర్‌లో ఏదైనా సంస్థకు పంపడం, పని చూడడం, తిరిగి వచ్చాక వైవా జరిపి మార్కులు వేయడం మెంటర్ పని.

పాతపట్నం అమ్మాయి రోహిణిని విజయనగరంలోనే ఉన్న ఒక ఆన్‌లైన్ వార్తల చానల్‌కు పంపాను. దృశ్యాలకు వెనక నుంచి వార్త చదవడం, అంటే వాయిస్ ఓవర్, ఆమె పని. మొదట్లో యాస మానుకోమని సతాయించారట. పట్టుదల గల పిల్ల, నేర్చుకుంది. మంచి పేరుతో తిరిగి వచ్చింది.

వైవాకు ముందు ఒక ఉదయం ఏడుస్తూ నా గదికి వచ్చి ఫోన్ చేతికిచ్చింది. ముందురోజు ఆ చానల్ పెట్టిన వీడియో అది. "పాతపట్నంలో హోటల్ యజమాని సింహాచలం నిర్వాకం. పాడైన నూనెతో టిఫిన్లు, పిల్లలకు వాంతులు." చదివింది రోహిణే. ఎందుకు చదివావమ్మా అన్నాను.

"నాను సదవనేదు సార్. ఆడ మానేసి నెల దాటిపోనాది. ఆ ఓటలు మా మావది!"

తండ్రి పోయాక ఆమెను పెంచి చదివిస్తున్న మేనమామ అతను. గుమ్మం తొక్కవద్దని కబురు పెట్టాడట.

ఆమె చదవలేదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆమెను వెంటబెట్టుకుని చానల్‌కు వెళ్లాను. అక్కడి ఇన్‌చార్జి మర్యాదస్తుడు, దేన్నీ దాచలేదు. ఇంటర్న్‌షిప్‌లో ఆమె చదివినవన్నీ కంప్యూటర్‌కు ఇచ్చి గొంతు తయారు చేయించామని, ఇప్పుడు స్క్రిప్ట్ టైపు చేస్తే చాలని సంబరంగా చెప్పాడు. మా మైకులో చదివింది మాదే కదా సార్ అన్నాడు. నన్ను సంతోషపెట్టడానికి కాబోలు, ఒక వాక్యం టైపు చేశాడు.

"మాస్టారికి నమస్కారం," అంది రోహిణి గొంతు.

రోహిణి నా పక్కనే నిలబడి ఉంది. నోరు విప్పలేదు. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అటువంటిది ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది.

వార్తను ఎవరు ధ్రువీకరించారని అడిగాను. ఎవరో వాట్సాప్‌లో పంపారట, అంతే. ఇకపై ఒక్క విద్యార్థినీ పంపనని నేను గట్టిగా అరిచాక వీడియో తీసేశారు, కంప్యూటర్‌లోని గొంతునూ తీసేశారు. అప్పటికే అది పాతపట్నంలో ప్రతి ఫోన్లోనూ ఉంది.

మర్నాడు ఇద్దరం పాతపట్నం బస్సెక్కాం. టిఫిన్ల వేళ హోటల్లో ఒక్కరూ లేరు. సింహాచలం నాకు కుర్చీ వేశాడు గానీ మేనకోడలి వైపు చూడలేదు.

"ఓటలు మూసుకోమంటే మూసుకుంతాను మాస్టారూ. నా సంకనెక్కి తిరిగిన పిల్ల, నన్ను పట్టుకుని సింహాచలం అని పేరెట్టి పిలిసినాది. ఊరంతా ఇన్నారు."

వార్తలో పేరు చెప్పడం పద్ధతి కనుక ఆ మాట నా చెవికి తగలనే లేదు. అతనికి తగిలింది అదొక్కటే.

"మావా, పుట్టినకాడినుంచి ఏ రోజైనా నీ పేరు నోటంట పలికినానా? అది నానైతే మావ అనకుండా ఉంతానా?" అంది రోహిణి.

అతను మొదటిసారి ఆమెను చూశాడు. "మరి నీ గొంతుతోటి మాటాడింది ఎవులే?"

"ఎవులూ కారు మావా. ఆడ మనిసన్నోడే నేడు, ఉట్టి కంపూటరు."

అతని మొహం పాలిపోయింది. కోపంగా ఉన్నప్పుడు కూడా అంత భయంకరంగా లేదు. "ఏదీ, ఇంకోపాలి మావా అను," అన్నాడు.

అంది. మళ్లీ అనమన్నాడు.

అంతకుముందు ఇంటర్న్‌షిప్ ముగియడమంటే హాజరు, మార్కులు, సర్టిఫికెట్ అనుకునేవాణ్ణి. విద్యార్థి వచ్చేసినా గొంతు అక్కడే ఉండిపోయి పని చేయగలదని ఆ ఏడాది తెలిసింది. రిటైరయ్యేవరకు ప్రతి విద్యార్థినీ ఆఖరి రోజున నేనే వెళ్లి తీసుకొచ్చాను. రికార్డింగులన్నీ ఆ విద్యార్థి కళ్లెదుట చెరిపించాకే సంతకం పెట్టాను.