లేవని ఖమైస్

జెర్బా దీవి బజారులో ఖర్జూరపాకు బుట్టలల్లే ముసలి ఖమైస్, ఎవరొచ్చినా కూర్చున్న చాప మీంచి లేవడు. పోలీసు అధికారి వచ్చి ఎదురుగా నిలబడినా అంతే. పళ్లతో ఆకు కొస కరిచిపట్టి, అల్లే వేళ్లు ఆపకుండానే, "ప్రవక్తగారికే తన కోసం ఎవరైనా లేవడం గిట్టేది కాదు. నువ్వాయన కంటే పెద్దోడివా నాయనా?" అంటాడు. నిన్న ఆ అధికారి బుట్ట బేరమాడుతుండగా యూదుల పేటలోంచి శవయాత్ర వచ్చింది. ఖమైస్ గోడ పట్టుకుని, మోకాళ్లు కటకటమంటుంటే, లేచి నిలబడ్డాడు. అధికారి మొహం మాడిపోయింది.

"నాకు లేవవు గానీ, యూదుడి శవానికి లేస్తావా తాతా?"

"ప్రవక్తగారూ లేచారు. యూదుడిది కదా అని ఎవరో అంటే, 'అదీ ప్రాణమే కదా' అన్నారు."

పాడె మలుపు తిరిగాక ఖమైస్ మళ్లీ చతికిలబడి ఆకు అందుకున్నాడు.

"నీ పాడె ఇటొచ్చిన రోజు నీకూ లేస్తాలే. తొందరేముంది?"