మావారి మడమ కింద అట్లకాడ

ఆ రోజు మండపేట దగ్గర ఒక పెళ్లి వంట. మావారు సత్తిబాబు గారు దప్పళం గుండిగ ముందు మునివేళ్ల మీద లేచి తెడ్డు వేస్తున్నారు. గుండిగ ఎత్తు, మనిషి పొట్టి, పాతికేళ్లుగా అలాగే కలుపుతున్నారు. ఉన్నట్టుండి టప్పుమని చప్పుడైంది. ఆయన వెనక్కి తిరిగి, "కాలి మీద ఎందుక్కొట్టావే?" అని నా మీద కేకలేశారు. నేను పదడుగుల అవతల కొబ్బరి కోరుతున్నాను. ఆయన వెనకాల ఎవరూ లేరు. ఎడమ కాలు నిలవక అక్కడే కూలబడిపోయారు.

బెణుకనుకుని నేనే పట్టు వేశాను. రెండు రోజులు ఆ పిచ్చితనంలోనే గడిచాయి. మూడో రోజు కాకినాడలో ఎముకల డాక్టరు గారు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి పిక్కలు నొక్కారు. కుడి పాదం కదిలింది, ఎడమది కదల్లేదు. "ఎకిలిస్ టెండన్ రప్చర్ అమ్మా. పిక్కని మడమకి పట్టి ఉంచే తాడు తెగింది" అన్నారు. ఎమ్మారైలోనూ అదే వచ్చింది. సర్జరీ చేశారు.

మావారు అడిగింది ఒకటే ప్రశ్న. "మళ్లీ పొయ్యి దగ్గర నిలబడతానాండి?"

"ఎడమ కాలు ఒక్కదాని మీదే నిలబడి మడమ పైకి లేపగలిగిన రోజున నిలబడండి. అప్పటిదాకా గరిటె ముట్టుకోవద్దు" అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చాక మావారు గోడవైపు తిరిగి ఏడ్చారు. వెయ్యి మందికి వండినా విసుక్కోని మనిషి అలా పడుకుని ఉంటే నేను చూడలేకపోయాను.

సిమెంటు కట్టు విప్పాక పెద్ద బూటు ఇచ్చారు. లోపల మడమ కింద వెడ్జ్‌లు, అంటే ఎత్తు కోసం పెట్టే ముక్కలు. నేను చేసిన తప్పు ఇక్కడే. మా ఇంట్లో చెప్పులు గుమ్మం దాటవు. అది నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ పెట్టిన చట్టం. వీధిలో తొక్కిన బూటుతో దేవుడి గది ముందు నుంచి నడుస్తారా అని గుమ్మంలోనే విప్పించాను. ఆయన గోడ పట్టుకుని వట్టి కాళ్లతో లోపలికి వచ్చేవారు. నాలుగో రోజు నేను తడిగుడ్డ పెట్టిన టైల్స్ మీద కాలు జారింది. మడమ వాచిపోయింది.

పరుగున కాకినాడ వెళ్లాం. "మళ్లీ తెగలేదు, మీ అదృష్టం. కాస్త సాగింది, కొన్ని వారాలు వెనక్కి వెళ్లాం" అని డాక్టరు గారు నావైపు తిరిగారు. "ఇది చెప్పు కాదమ్మా, కట్టు. కట్టు ఎవరైనా గుమ్మంలో విప్పిస్తారా?"

నేను నోరెత్తేలోపే మావారు, "ఆవిడ వద్దంటూనే ఉందండి, నేనే విప్పాను" అన్నారు. పచ్చి అబద్ధం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా కొంగు తడిసిపోయింది. ఆ రోజు నుంచి బూటు అడుగు నేనే తుడిచి లోపలికి పంపాను.

బూటు తీసేశాక మామూలు బూట్లు వేయించి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టించారు. ఫిజియో మేడమ్ గారు మా ఇంటికే వచ్చి కూర్చుని మడమలు ఎత్తి దించే జిమ్ మెషీన్ బొమ్మ ఫోన్లో చూపించారు. మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ మా పెరటి వసారాలో గుండిగలూ, పీటలూ, బియ్యం బస్తాలూ చూసి, "ఇంతకంటే జిమ్ ఏం కావాలండీ?" అన్నారు.

మోకాళ్లు సరిగ్గా మడత పడే ఎత్తు స్టూలు వేశాం. మునివేళ్లు ఆనించే మందపాటి పీట కింద సైకిల్ ట్యూబు ముక్కలు కొట్టాం, జారకుండా. పీట అంచు పాదానికి గుచ్చుకుంటోందంటే గోనెపట్టా మడిచి బిగించాను. మోకాళ్లకి కాస్త పైన మడతపెట్టిన తువ్వాలు, దాని మీద అయిదు కేజీల బియ్యం సంచి. సంచి పెడుతుంటే మావారు, "ఏమే వరం, ఒడి నింపుతున్నావా? నాకెన్నో నెలే?" అన్నారు. గాయమైన తర్వాత ఆయన వేసిన మొదటి జోకు అది. నవ్వలేక చచ్చాను.

వచ్చిన చిక్కల్లా వేగం. అవతల పెళ్లివారు పంక్తిలో కూర్చుని ఉన్నట్టు చకచకా మడమలు ఎగరేసేవారు. "మెల్లగా దించాలండీ, బలం దించడంలోనే వస్తుంది" అని మేడమ్ గారు ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఒకరోజు ఒళ్లు మండి, "బూరె నూనెలో వదిలినట్టు దించండి!" అని అరిచాను. మడమ మెల్లగా, నూనె చిందకుండా దిగింది. వంటవాడికి వంట భాషలో చెప్పాలని నాకు అప్పటికి తట్టింది.

కూర్చుని చేయడం అయ్యాక కిటికీ చువ్వలు పట్టుకుని రెండు కాళ్ల మీద నిలబడి చేయడం. మధ్యలో ఉత్సాహం ఎక్కువై రెట్టింపు చేస్తే వాపొచ్చి వారం రోజులు ఐసు ముక్కలే గతి. తర్వాత ఎడమ కాలు ఒక్కటే. మడమ లేచిందో లేదో పైనుంచి ఆయనకి తెలియదు కాబట్టి నేను రోజూ పొద్దున్నే కింద కూర్చుని మడమ కిందికి అట్లకాడ తోసేదాన్ని. మొదట్లో అంచు కూడా దూరలేదు. "లేచిందా?" అంటే "లేవలేదు" అనే చెప్పేదాన్ని. ఆ విషయంలో నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు, డాక్టరు గారి ముందు ఆయన చెప్పిన అబద్ధం చాలు.

సర్జరీ అయిన ఏడో నెలలో ఒక పొద్దున అట్లకాడ పిడిదాకా దూరిపోయింది. నేను దాన్ని తీసి మళ్లీ తోసి చూశాను. "ఏంటే? లేవలేదా?" అన్నారు కంగారుగా. తలెత్తి చూశాను. ఆయన ఇంకా ఒంటి కాలి మీదే, వణుకుతూ, చువ్వలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "దించండి, బూరె మాడిపోతుంది" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు మళ్లీ వంటలకి వెళ్తున్నాం. గుండిగ ముందు ఎత్తు పీట, కాళ్లకి బూట్లు. వంటశాలకి మాత్రమే వాడే బూట్లవి. గరిటెల సంచిలో కలపకుండా విడిగా నేనే మోసుకెళ్తాను. మొన్న ద్రాక్షారామం దగ్గర ఓ ఇంట్లో పెళ్లికూతురి బామ్మ గారు, "వంట దగ్గర బూట్లేంటమ్మా, చోద్యం కాకపోతే!" అన్నారు. ఒకప్పుడైతే ఆవిడ కంటే ముందు నేనే అనేదాన్ని. "అవి బూట్లు కాదండి, కట్టు" అని చెప్పి, అందరి ముందూ కూర్చుని మావారి లేసులు బిగించాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గాయమైతే నేను చెప్పేది ఒకటే. డాక్టరు కాలికి తొడిగింది ఆయన చెప్పేదాకా విప్పించకండి, గుమ్మంలో అసలే వద్దు. గుమ్మం మాసిపోతే కడుక్కుంటాం.