కనకప్ప ఉర్దూ బడి

చనిపోయిన రోజు పొద్దున కనకప్ప తమ్ముడి దొడ్లోకి వచ్చి, ఎడమవైపు ఎద్దు ముందుకాలు ఎత్తి చూశాడు. గిట్టను బొటనవేలితో నొక్కి, లాడం అటూ ఇటూ కదిలించి, "మేకు వదులైంది యంకప్పా. బేస్తవారం కొట్టియ్యి, లేకుంటే కుంటుతది" అన్నాడు. తొట్టిలో నీళ్ళు ముంచుకుని చేతులు కడుక్కున్నాడు. భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటూ తడక దాటి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం గొంగడి పరుచుకుని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు.

అన్న ఎద్దును చూస్తున్నంతసేపూ యంకప్ప అన్ననే చూస్తూ నిలబడ్డాడు. లాడం చూడడానికే వచ్చాడా, లేక లాడం వంకతో వచ్చాడా? అంగీ జేబులోంచి తొంగి చూస్తున్న ఆ మడత కాగితం ఏమిటి? అడగలేదు. అన్నతో నోరారా మాట్లాడి అప్పటికి అయిదు నెలలు దాటింది. "సరే" అన్న ఒక్క మాటతో పంపేశాడు. అదే ఆఖరి మాట అవుతుందని తెలిస్తే ఇంకో మాట చేర్చేవాడేమో. ఆ రోజు మాత్రం ఆ ఒక్క మాట కూడా ఎక్కువే అనిపించింది.

రాయచూరు దగ్గరి కల్మలకు రెండు మైళ్ళ అవతలి పల్లె వాళ్ళది. కనకప్పకు యాభై అయిదేళ్ళుంటాయని అందరూ అనేవారు, ఎవరూ లెక్కపెట్టింది లేదు. పొడుగు మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉండేది. పెళ్ళాం పోయి పదేళ్ళు. ఒక్క కూతురు ఉలిగెమ్మను లింగసుగూరులో ఇచ్చాడు. మూడు మాటలు అడిగితే ఒక మాట చెప్పేవాడు. తల్లి పోయినప్పుడు తనకు అయిదేళ్ళు, యంకప్పకు ఇంకా పాలపళ్ళు రాలేదు. తండ్రి భీమప్ప చేలో ఉంటే తమ్ముణ్ణి చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగి గంజి పోయించుకొచ్చాడని ఊళ్ళో ముసలమ్మలు చెప్పేవాళ్ళు. ఆ చంక మోత వల్లే మెడ వంగిందని ఎకసెక్కం కూడా ఆడేవాళ్ళు.

తండ్రి పోయాక అన్నదమ్ములు భూమి పంచుకున్నది నోటి మాట మీద. ఊరి పక్క చేలు కనకప్ప దున్నుకున్నాడు. కల్మల వైపు పొలిమేర చేను యంకప్ప దున్నుకున్నాడు. కాగితం మీద మాత్రం మొత్తం భూమి పెద్దవాడి పేరే. ఇరవై ఏళ్ళు ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. గుర్తు చేసింది కాలువ.

తుంగభద్ర ఎడమ కాలువ వస్తోందని సర్వే వాళ్ళు గొలుసులు లాగి, రాళ్ళు పాతి పోయారు. ఒక రాయి పొలిమేర చేను గట్టుకు పది బారల దూరంలో పడింది. ఆ తర్వాత గుంటూరు వైపు నుంచి భూములు చూసుకుంటూ మనుషులు రావడం మొదలైంది. శేషయ్య అనే ఆయన తెల్లటి పంచె ఎగగట్టి కనకప్ప అరుగు మీద కూర్చోవడం యంకప్ప కళ్ళారా చూశాడు.

"ఆ పొలిమేర చేను మీదేనటగా కనకప్పగారూ? నల్లరేగడి, బంగారమంటే నమ్మండి. అమ్మే ఉద్దేశం ఉంటే ముందు నా చెవిన వెయ్యండి."

"చూద్దాం" అన్నాడు కనకప్ప.

ఆ 'చూద్దాం' యంకప్పకు ముల్లులా దిగింది. అమ్మనని అనొచ్చు కదా. అది తమ్ముడిదని అనొచ్చు కదా.

సరిగ్గా ఆ ఎండాకాలమే కనకప్ప రాయచూరులో ఉర్దూ బడికి పోవడం మొదలుపెట్టాడు.

యంకప్ప భార్య సుంకవ్వ రొట్టెలు తడుతూ ఆ కబురు చెప్పింది. "మీ అన్న పలక కొన్నడంట. తెల్సా?"

"పలకెందుకు?"

"అలిఫ్ బే దిద్దనీకి. నిజాం పోయి పదిహేనేండ్లాయె, తుర్కం ఇస్కూళ్ళు మూసిరి, కచేరిల అంతా కన్నడమాయె. ఇప్పుడు ఈ వయసుల ఉర్దూ ఏంది? పాత కాగితాలన్నీ ఉర్దూలనే ఉన్నయి గద. అందుకు."

"ఏం కాగితాలు?"

"నన్నడుగుతవేంది? నీ అన్ననడుగు. మొన్న హెళవయ్యను ఊరి బయట ఆపి, ఎద్దు దిగనియ్యక ఏందేందో అడిగిండంట."

హెళవయ్య ఏటా పంటలయ్యాక ఎద్దెక్కి గంట వాయించుకుంటూ వచ్చి, ఇంటి మూలపురుషుడి దగ్గర్నుంచి మొన్న పుట్టిన మగపిల్లాడి దాకా వంశం పేర్లన్నీ గుక్కతిప్పుకోకుండా చదివి, జొన్నలు పోయించుకుని పోయేవాడు. వంశం లెక్క ఆయన దగ్గర, భూమి లెక్క తాలూకా కచేరిలో. అన్న రెండూ తిరగేస్తున్నాడంటే తనను ఎక్కడో తప్పించడానికే అని యంకప్పకు తోచింది. లింగసుగూరు అల్లుడి ముఖం కళ్ళ ముందు ఆడింది.

తర్వాతి ఆదివారం అన్న ఎక్కిన బస్సు వెనక బస్సు ఎక్కి రాయచూరు వెళ్ళాడు. వెతుక్కుంటూ పోతే కోట గోడ పక్క సందులో ఒక పాత ఇంటి పంచ. కచేరిలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి దిగిపోయిన వెంకోబరావు చాప మీద కూర్చున్నాడు. ఎదురుగా అయిదుగురు పెద్దమనుషులు పలకలు ఒళ్ళో పెట్టుకుని వంగి ఉన్నారు. ఆఖరున కనకప్ప.

"ఎవరయ్యా అది, చెప్పులు చేతుల పట్టుకుని నిలబడ్డది?" అన్నాడు వెంకోబరావు.

కనకప్ప తలెత్తి చూశాడు. కంగారు పడలేదు. "నా తమ్ముడు, పంతులూ."

"అయితే లోపలికి రమ్మను. ఇద్దరికీ ఒకటే పలక చాలు. సగం సగం పంచుకోండి. మీ ఊరోళ్ళకు పంచుకునుడు నేను నేర్పాల్నా?"

అందరూ నవ్వారు. కనకప్ప జరిగి చోటిచ్చాడు, పలకకు అడ్డంగా గీత గీసి కింది సగం తమ్ముడి వైపు తిప్పాడు. యంకప్పకు ఆ నవ్వూ నచ్చలేదు, ఆ గీతా నచ్చలేదు.

అది అక్షరాల బడి మాత్రమే కాదు. ఇంటి పాత సంగతులు వెతుక్కునేవాళ్ళకు వెంకోబరావు దారి చెప్పేవాడు. ముందు నీ పేరు కింద రాసుకో, పైన అమ్మానాన్నలు, ఆ పైన వాళ్ళ అమ్మానాన్నలు. తెలియని చోట గడి ఖాళీగా వదిలెయ్యి, ఊహించి నింపకు. "మొదలు బతికున్న ముసలోళ్ళను అడగండి. కాగితం ఎక్కడికీ పోదు, ముసలోళ్ళు పోతరు. ఇంగ కాగితం దొరికితే, ఒక్కదాన్నే నమ్మకండి. రాసినోడు గూడ మనిషే. ఆ దినం వానికి కడుపునొప్పి ఉండొచ్చు. రెండో కాగితం అడగండి."

"మా తాత కర్నూలు నుంచి వచ్చిండని ఒకరు, గద్వాల నుంచని ఒకరు" అన్నాడు బజారులో కొట్టున్న అనంతయ్య. "యాడికెల్లి వచ్చినా, పెండ్లాన్ని తప్పించుకునే వచ్చిండని అందరొక్కటే మాట."

"దానికి కాగితం దొరకదు. నమ్మెయ్యి" అన్నాడు వెంకోబరావు.

యంకప్ప మూడు ఆదివారాలు వెళ్ళాడు. అక్షరాలు తలకెక్కలేదు గానీ అంకెలు పట్టుబడ్డాయి. మూడో ఆదివారం అన్న లేచి మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు నోటుపుస్తకం తెరిచి చూశాడు. వంకర గీతల మధ్య ఒకచోట ఎనిమిది, పక్కన ఏడు. ఎనభై ఏడు. అది పొలిమేర చేను సర్వే నంబరు. నేర్చుకున్న నాలుగంకెలతో తను మొదట చదివింది అదే.

బస్సులో అడిగాడు. "ఎనభై ఏడు ఎందుకు రాసుకున్నవన్నా?"

"చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

"కనబడ్డంక చెప్త. ముందే చెప్పి, కనబడకుంటే?"

అంతే. ఆ పైన కనకప్ప కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాడు. యంకప్ప ఆ ఆదివారం తర్వాత బడికి వెళ్ళలేదు.

శ్రావణంలో కచేరి ముందు అర్జీలు రాసే అతని దగ్గర కూర్చుని తకరారు వేశాడు. ఎనభై ఏడో నంబరుకు సంబంధించి మా అన్న కనకప్పకు ఏ పాత నకలూ ఇవ్వకూడదు, పట్టాలో ఏ పేరూ మార్చకూడదు, ముందు నన్ను పిలిచి విచారించాలి. కింద వేలిముద్ర వేశాడు. ఇంటికి వచ్చి సుంకవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

విచారణ తేదీ ఆశ్వయుజంలో పడింది. దానికి రెండు రోజుల ముందే పెద్ద వాన కురిసి రేగడి నేల పదునెక్కింది. ఊరంతా విత్తే గొర్లు కట్టుకుని చేలకు పరిగెత్తింది. యంకప్పకు నిద్ర పట్టలేదు. విత్తడం మానేసి కచేరికి పోతే ఏడాది జొన్న పోతుంది, పోకపోతే చేనే పోతుంది. చేనే ముఖ్యమనుకుని బయల్దేరబోతుంటే అర్జీలతను కబురు పంపాడు. విచారణ వాయిదా పడింది, నువ్వు రానక్కర్లేదు, అవతలి పక్షమే గడువు అడిగింది.

అంటే అన్నకు అంతా తెలుసు. తెలిసీ పలకడం లేదు.

"గడువెందుకు అడిగిండంటవ్?" అన్నాడు యంకప్ప.

"లోపల ఏదో అతికిస్తున్నడు" అంది సుంకవ్వ. "పని కానిచ్చుకునేదాక గడువు. నువ్వు జొన్న ఇత్తు, ఆయన ఆడ నీ పేరు గోకుతడు."

యంకప్ప గొర్రు వెనక నడుస్తూ మూడు రోజులు అదే ఆలోచించాడు. చాళ్ళు వంకర పోయాయి. ఆ తర్వాత కనకప్ప ఎదురైతే ముఖంలో ఏదైనా దొరుకుతుందా అని వెతికేవాడు. ఏమీ దొరికేది కాదు. పండక్కి ఇంటికొచ్చి ఎప్పట్లా పీట వేసుకుని కూర్చుని, పుంటికూరతో రెండు రొట్టెలు తిని, సుంకవ్వను ఇంకాస్త కారం అడిగి, తిన్న పళ్ళెం తనే కడిగి బోర్లించి పోయాడు. అంత మామూలుగా ఉన్నాడంటేనే యంకప్పకు ఏదో ఉందనిపించింది. ప్రతి బేస్తవారం అన్న బస్సెక్కి కచేరికి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. ఇంకా పని కాలేదన్నమాట అని యంకప్ప లోలోపల ఊపిరి పీల్చుకునేవాడు.

పుష్యంలో కనకప్ప పోయాడు. తలకొరివి యంకప్పే పెట్టాడు. జేబులోని మడత కాగితం ముందుగా తీసింది కూడా అతనే. అది కచేరికి పోయివచ్చిన బస్సు టికెట్టు.

పదకొండో రోజు దాటాక నోటుపుస్తకం, పలక తెచ్చుకుందామని వెంకోబరావు ఇంటికి వెళ్ళాడు.  ఆయన పెట్టెలోంచి ఒక పెద్ద కాగితం తీసి చాప మీద పరిచాడు.

"మీ అన్న గీసిన వంశం చెట్టు. చూడు."

అన్నీ గడులు. మగవాళ్ళ గడి పక్కన ఆడవాళ్ళ గడి. తాత పక్కన మారెవ్వ అని ఉందన్నాడు వెంకోబరావు వేలు పెట్టి. ఆమె పేరు కోసం మూడు ఊళ్ళు తిరిగాడట. తండ్రి భీమప్ప పక్క గడి మాత్రం ఖాళీ.

"మీ అమ్మ పేరేంది?" అని అడిగాడు వెంకోబరావు.

యంకప్పకు తెలియదు. ఊళ్ళో అందరూ ఆమెను కల్మలామె అనేవాళ్ళు. పుట్టినూరి పేరుతో పిలవడం అక్కడి మర్యాద. తండ్రి ఆమెను పేరు పెట్టి చెప్పడం ఏనాడూ వినలేదు. యాభై ఏళ్ళు బతికి ఒక్కసారైనా ఆ మాట తనకు తట్టలేదు.

"మొదటి దినమే నన్నడిగిండు, మా అమ్మ పేరు ఏ కాగితంల దొరుకుతది పంతులూ, అని. హెళవయ్యనడిగితే ఆడోళ్ళ పేర్లు మా పద్దతిల లేవన్నడంట. కల్మలల పుట్టిల్లు ప్లేగుల తుడుచుకపోయె. చావుల దఫ్తర్ల చూపిచ్చిన. 'భీమప్ప భార్య' అని రాసి ఊకున్నరు. ఇంగ ఒక్కటే దారి మిగిలింది. ఆ పొలిమేర చేను మీ అమ్మకు పుట్టింటోళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చింది గద. ఇచ్చిన చేనైతే మొదటి సర్వే పుస్తకంల ఆమె పేరే ఉండాలె. ఎనభై ఏడో నంబరు నకలు అడుగు అని నేనే చెప్పిన." కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "ఎవరో తకరారేసిన్రంట. ఎవరని అడిగితే చెప్పలె."

యంకప్ప మర్నాడే కచేరికి వెళ్ళి తకరారు వెనక్కి తీసుకున్నాడు. నకలుకు తన పేరుతో అర్జీ పెట్టాడు. పదిహేను రోజులు తిరిగాక గుమాస్తా దుర్గప్ప పాత పుస్తకం బల్ల మీద తెరిచి, పసుపుపచ్చ పుట మీద వేలు జరుపుతూ చదివాడు. "సర్వే నంబరు ఎనభై ఏడు. పట్టాదారు నింగమ్మ, భీమప్ప భార్య."

"ఇంగోసారి చదువయ్యా" అన్నాడు యంకప్ప.

దుర్గప్ప మళ్ళీ చదివాడు. నకలు రాసి, ముద్ర వేసి, ఆరబెట్టి చేతికిచ్చాడు. తకరారు మూసేయాలి గనక ఆ ఫైలు తెచ్చి ఒక్కో కాగితం తిప్పుతూ సంతకం చేయసాగాడు. మధ్యలో ఒకటి దగ్గర ఆగాడు.

"ఇదేంది?" అన్నాడు యంకప్ప.

"మీ అన్న వాయిదా అర్జీ. ఆయన చెప్తుంటే నేనే రాసిన."

"ఎందుకు అడిగిండు వాయిదా?"

దుర్గప్ప కన్నడంలో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాడు. "'తకరారు వేసిన నా తమ్ముడు యంకప్ప ఇప్పుడు అదే చేన్ల జొన్న విత్తాలె. పదును ఆరిపోతే మళ్ళ రాదు. విత్తనం అయినంక పిలవండి.'"