అక్క జీపు కింద ఆయిలు చుక్కలు

మా అక్క జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగి, రిటైరయ్యాక తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల గుంటల పక్కనున్న మా ఇంటికి వచ్చేసింది. సామాను లారీలో వచ్చింది. ఆ లారీ వెనక మోకు కట్టించుకుని ఒక పాత మిలిటరీ జీపు కూడా వచ్చింది. అందులో తలకి తువ్వాలు చుట్టుకుని, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని మా అక్క కూర్చుని ఉంది.

“ఇదేందక్కా?” అన్నాను.

“కళ్ళు కనపళ్ళేదంట్రా? జీపు. మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసింది. ఎవరో ఒకాయన కొని, షెడ్డులో పెట్టి మర్చిపోయినాడు. నేను తెచ్చుకున్నా.”

“ఎందుకు వదినా?” అంది నా భార్య గుమ్మంలోంచే.

“తోలేదానికి,” అంది అక్క, ఇంకా చెప్పాల్సిందేముందన్నట్టు.

ఎందుకో నాకు తెలుసు. మా చిన్నప్పుడు ఒక తుఫాను వచ్చి పోయాక, బియ్యం మూటలతో మిలిటరీ జీపులు మా ఊళ్ళోకి వచ్చాయి. రోడ్డెక్కడో, చేనెక్కడో తెలియని బురదలో ఏనుగుల్లా నడిచి వచ్చాయి. ఒక సిపాయి అక్కని ఎత్తి స్టీరింగు ముందు కూర్చోబెట్టాడు. ఊరంతా బియ్యానికి వరసలో నిలబడితే అక్క మాత్రం దిగనని పేచీ పెట్టింది. చివరికి మా అమ్మ వచ్చి చెవి పట్టుకుని దింపింది. ఇప్పుడు దింపేవాళ్ళెవరూ లేరు.

ఇంజనుకి పెద్ద జబ్బేమీ లేదు. కొత్త బ్యాటరీ పెట్టి, కార్బొరేటర్ కడిగి, స్టార్ట్ చేస్తే నాలుగు దగ్గులు దగ్గి అందుకుంది. అక్క చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. మా ఇద్దరి వయసులూ కలిపితే నూరు దాటతాయంటే ఆ పూట చూసినవాళ్ళెవరూ నమ్మరు.

జబ్బంతా కిందుంది. జీపు ఎక్కడ ఆగితే అక్కడ నల్లటి చుక్కలు. గేరుబాక్సు దగ్గర్నుంచి చక్రాల దాకా ఎక్కడెక్కడ లోపల ఆయిలు ఉండాలో, అక్కడల్లా అది బయటికి వచ్చేస్తోంది.

ఆదివారం చర్చికి జీపులోనే వెళ్ళాం. పాస్టరుగారు చర్చి పక్కనే ఉన్న తన ఇంటి ముందు కొత్తగా తెల్లటి టైల్సు పరిపించారు. అక్క ఎంతో ఒద్దికగా, నీడ చూసుకుని, సరిగ్గా ఆ టైల్సు మీద జీపు ఆపింది. ఆరాధన ముగించుకుని వచ్చేసరికి కింద ఆయిలు మడుగు కట్టి ఉంది. అక్క ముఖం పాలిపోయింది. పాస్టరుగారు వంగి చూశారు. లేచి గడ్డం నిమురుకున్నారు.

“పరవాలేదమ్మా. సాక్ష్యం చెప్పండని నేనెంత అడిగినా సంఘంలో ఒక్కరూ నోరు తెరవరు. మీ బండి అడక్కుండానే చెప్పేసింది,” అన్నారు.

నేను నవ్వు ఆపుకోలేక జీపు వెనక్కి పరిగెత్తాను. నా వెనకాలే అక్క కూడా వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లకి చిన్న గేరుబాక్సులుంటాయి. వాటి ఆయిల్ సీళ్ళు మార్చడం నాకు అలవాటే. తిరిగే ఇరుసు చుట్టూ ఉంగరంలా కూర్చుని ఆయిలుని లోపలే ఆపే రబ్బరు చుట్టది. అది ఎండి బిరుసెక్కితే ఆయిలు ఆగదు. “ఇదీ అంతేనక్కా, కాస్త పెద్దది,” అన్నాను ధీమాగా.

“ముందు కడుగు. రక్తం యాడ్నించి వస్తా ఉండాదో చూడకుండా కుట్లేస్తే ఎట్టా?” అంది అక్క.

జీపుని ఇటుకల మీద ఎత్తి కిరసనాయిలుతో కడిగాం. ఎన్నో ఏళ్ళ మట్టి, దాని కింద గ్రీజు, దాని కింద మళ్ళీ మట్టి. అన్నిటికీ అడుగున అసలు పచ్చరంగు బయటపడినప్పుడు అక్క కిందనుంచే కేక పెట్టింది, ఏ పామో కరిచిందనుకుని నా భార్య కర్ర పట్టుకుని వచ్చేలాగా. వచ్చినదాన్ని అక్క ఊరికే పోనివ్వలేదు.

“మేయ్, నీ పౌడరు డబ్బా ఒకసారి తీసకరా.”

“ముఖానికి రాసుకునేదా?”

“ఆఁ, జీపు ముఖానికి.”

కడిగి ఆరబెట్టిన ఇనుము మీద పౌడరు చల్లితే ఆయిలు ఎక్కడ మొదట తొంగిచూసేదీ తెల్లటి దానిమీద నల్లటి గీతలా తెలిసిపోతుంది. అక్క వెల్లకిలా పడుకుని డబ్బా నొక్కింది. సగం జీపుకి అంటింది, సగం తన మీదే పడింది. పెళ్ళివారి వాసన వేసే జీపుని గుంటల గట్టు మీద కొంతదూరం తిప్పుకొచ్చి మళ్ళీ కిందకి దూరాం. గీతలు కనబడ్డాయి. ఒకటి ట్రాన్స్‌ఫర్ కేసు వెనక. గేరుబాక్సుని అంటుకుని ఉండి, ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే పెట్టె అది. రెండోది వెనక చక్రాల మధ్య, వాటిని తిప్పే పళ్ళచక్రాలుండే ఉబ్బెత్తు హౌసింగ్ ముక్కు దగ్గర.

ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర నట్టు ఎంతకీ కదల్లేదు. పానాకి పొడుగాటి పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. టక్కుమని వదిలింది. ఇద్దరం రొయ్యల మేత బస్తాల మీద పడ్డాం. లేవడానికి చాలాసేపు పట్టింది, దెబ్బ తగిలి కాదు, నవ్వలేక. పాత సీలు పెంకులు పెంకులుగా ఊడొచ్చింది. అది కూర్చునే చోట ఇరుసుని అక్క గోటితో నిమిరి చూసింది.

“ఒరే అబ్బయ్యా, ఈడ గాడి పడింది. కొత్తది పెట్టినా మళ్ళా ఈ గాడిలోనే గదా కూర్చునేది? మళ్ళా కారద్ది.”

నిజమే. కొత్త సీలుని అడుగుదాకా కొట్టకుండా బియ్యపుగింజంత ఎడం ఉంచాను. దాని పెదవి గాడి పక్కన నున్నటి చోట ఆనింది. బిగించి, కొత్త ఆయిలు పోసి, మళ్ళీ పౌడరు చల్లి తిప్పుకొచ్చాం. చుక్క లేదు! అక్క జీపు చుట్టూ గంతులేసింది.

వెనక హౌసింగ్ మాత్రం కొత్త సీలు వేసినా కారింది. మొదటికంటే ఎక్కువగా కారింది. సీలు వంకరగా కూర్చుందేమోనని విప్పి ఇంకోటి వేశాను. కారింది. ప్యాకింగ్ మార్చాను. కారింది. అక్క ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు, జీపుతో కూడా మాట్లాడలేదు.

మర్నాడు ఎండలో ఇందుకూరుపేట దాకా పోయివచ్చి, ఇనుము ఇంకా కాలుతుండగానే ఇద్దరం కిందకి దూరాం. అక్క కళ్ళజోడు సర్దుకుని హౌసింగ్ నెత్తిమీద మట్టి పట్టిన ఒక చిన్న బుడిపెను చూపించింది.

“అదేందిరా?”

“బ్రీదరక్కా. బండి నడిస్తే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది గదా. అది బయటికి పోయే దారి.”

“పోతా ఉండాదా?”

నేను అక్క ముఖం చూశాను. అక్క నా ముఖం చూసింది. పానా అందుకుని బుడిపెను తిప్పాను. ఊడుతూనే బుస్సుమని గాలి ఎగదన్నింది. వెచ్చటి ఆయిలు తుంపర అక్క కళ్ళజోడు నిండా, ముక్కు నిండా చిమ్మింది. బుడిపెలో సరిగ్గా అచ్చుపోసినట్టు ఎండిన మట్టి. షెడ్డులో నిలబడి ఉన్న ఏళ్ళలో ఏ కందిరీగో అందులో కాపురం పెట్టి, గూడు కట్టి, తలుపు మూసుకుని పోయింది. గాలికి దారి లేక, లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు వేస్తే ఆ సీలు సందులోంచి ఆయిలుని తోసేస్తోంది.

అక్క కళ్ళజోడు తీసింది. దాని చోటు తప్ప ముఖమంతా నల్లగా ఉంది.

“కడుపుబ్బరంరా దీనికి!” అంది. “నేను నర్సునయ్యుండి కడుపుబ్బరం కనుక్కోలేకపోయినా!”

జీపు కింద పడుకునే నవ్వాం. ఆపుదామని చూస్తే మళ్ళీ ఒకరు మొదలుపెట్టేవాళ్ళు. నా భార్య వచ్చి వంగి చూసి, కారణం అడిగి, విని, “అందుకా!” అని తనూ గచ్చు మీద కూలబడింది.

ఆ మట్టిని పిన్నీసుతో గీకి, కడిగి, ఊది, నోటితో గాలి అటూ ఇటూ ఆడుతోందని చూసుకుని బిగించాం. ఆ తర్వాత అదే సీలు ఒక్క చుక్క వదల్లేదు.

ఆ శనివారం ముగ్గురం మైపాడు బీచికి పోయాం. జనం తిరిగే చోటు దాటి, జాలర్ల పాలెం దగ్గర జీపు ఇసుకలోకి దిగింది. అక్కడ చేపలవాళ్ళు ఒక పడవని ఒడ్డుకి లాగలేక ఆయాసపడుతున్నారు. రోజూ లాగే ట్రాక్టరు కోట ఊరి వైపు చెరువు పనికి పోయిందట. వాళ్ళలో పెద్దాయన జీపునీ, అక్కనీ మార్చి మార్చి చూశాడు.

“అక్కా, మీ బండి లాగుద్దా?”

“లాగకేం?” అంది అక్క. నిన్నటిదాకా మందులు తాగిన రోగి అది.

టైర్లలో గాలి కొంచెం తీశాం. వెనక కొక్కేనికి మోకు కట్టారు. అక్క నాలుగు చక్రాలూ కలిపే చిన్న లివర్లు రెండూ వేసి, క్లచ్చి మీంచి కాలు మెల్లగా వదిలింది. మోకు బిగిసింది. చక్రాలు ఒక్కసారి ఇసుకని తవ్వి, పట్టు దొరకబుచ్చుకున్నాయి. “హైలెస్సా!” అని వెనకనుంచి పడవని తోశారు వాళ్ళు. పడవ ముక్కు పైకి లేచింది. జానెడు, మూరెడు, తర్వాత గబగబా, పడవ మా వెనకాలే పెంపుడు కుక్కలా ఒడ్డెక్కి వచ్చేసింది. అందరూ ఈలలు వేశారు. నా భార్య ఈల వేయగలదని పెళ్ళయిన ఇన్నేళ్ళకి అప్పుడే తెలిసింది నాకు.

నేను మోకాళ్ళ మీద వంగి జీపు కింద చెయ్యి పెట్టి తడిమాను. ట్రాన్స్‌ఫర్ కేసు పొడిగా ఉంది. హౌసింగ్ పొడిగా ఉంది. చేతికి అంటింది ఇసుక ఒక్కటే. అక్కకి ఎత్తి చూపించాను.

పెద్దాయన గంపలోంచి చందువ చేపలు తీసి మా సీటు మీద పెట్టాడు. వద్దంటే వినలేదు. “ట్రాక్టరు వచ్చేది ఎల్లుండే. రేపు కూడా వస్తావా అక్కా?” అన్నాడు.

“ఎన్నింటికి రావాల?” అంది అక్క.