లింగయ్య సార్ తెల్ల దస్తీ

కెమెరా మీది దుమ్ము ఊదడానికి రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది. నొక్కితే ఫుస్సుమంటుంది. ఆ చప్పుడుతోనే నాకు రోజూ పని మొదలవుతుంది. హాలియాలో మా స్టూడియో పక్కనే రైస్ మిల్లు. షట్టర్ ఎత్తగానే వేడి తవుడు వాసన లోపలికి వస్తుంది, వాసనతో పాటు తవుడూ వస్తుంది. బల్ల మీద, కంప్యూటర్ మీద, కెమెరా సంచి మీద పలుచగా పరుచుకుంటుంది. బుడ్డి అందుకుని ఊదుతానో లేదో, చెవిలో ఆ గొంతు మొదలవుతుంది. "లెన్సు కిందికి వంచి ఊదు బిడ్డా. పైకి పెట్టి ఊదితే దుమ్ము ఏడికి వోతది, మీ ఇంటికి వోతదా?" ఆ గొంతు గల మనిషి పోయి ఇన్నేళ్ళయినా మా ఇద్దరి మధ్య విసుగు మాత్రం తగ్గలేదు.

ఆయన లింగయ్య సార్. ఈ స్టూడియో ఆయనదే. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది, డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే కూర్చోలేక నేను ఇక్కడ పనికి కుదిరాను. సగం జీవితం రీలు కెమెరాతో గడిపిన మనిషి, అప్పుడే కొత్తగా డిఎస్ఎల్ఆర్ కొన్నారు. దాన్ని వాడటం తక్కువ, కాపలా కాయడం ఎక్కువ. మెడలో పట్టీ వేసుకోకుండా ముట్టుకుంటే కేక. స్విచ్ ఆపకుండా మెమరీ కార్డు తీస్తే కేక. లెన్సు మార్చేటప్పుడు ఫ్యాన్ తిరుగుతుంటే కేక, నడి ఎండాకాలమైనా సరే. నేను పని నేర్చుకోవడానికి వచ్చానా, తిట్లు తినడానికి వచ్చానా అని మొదట్లో నాకే అనుమానంగా ఉండేది.

పొద్దున రాగానే మొదటి పని కార్డు ఖాళీ చేయడం. నిన్నటి ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయో లేదో చూసి, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ కొట్టాలి. "ఎక్కినయా?" అని అడిగేవారు. ఎక్కాయంటే, "చూసి చెప్తున్నవా, అనుకొని చెప్తున్నవా?" అని రెండో ప్రశ్న. ఆ తర్వాత పరీక్ష ఫోటో. ఆయన గోడ ముందు నిలబడి, జేబులోంచి తెల్ల దస్తీ, అదే చేతిరుమాలు, తీసి చెంప పక్కన పట్టుకునేవారు. నేను తీయాలి. దస్తీ తెల్లగానే వస్తే రంగులు కుదిరినట్టు, కళ్ళు స్పష్టంగా వస్తే ఫోకస్ కుదిరినట్టు. తీశాక అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కెమెరా వెనక తెర మీద తన మొహాన్ని తానే పెద్దది చేసి చూసుకునేవారు.

"ఏందిది? నా మొఖానికి పసుపు పూసినవా?"

సెట్టింగ్ మార్చి మళ్ళీ తీసేదాన్ని.

"ఇప్పుడు దవాఖానల పండవెట్టినట్టున్న. మల్ల తియ్యి."

చివరికి ఏ వంకా దొరకని ఫోటో వచ్చిందనుకోండి, "ఊఁ" అని కెమెరా నా చేతిలో పెట్టి చాయ్ తాగడానికి వెళ్ళిపోయేవారు. అంతే. "మంచిగుంది" అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోతుందో నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో నాయిన, సర్కారు ఉద్యోగాలకు చదువుకో అని పోరు పెడుతూనే ఉన్నాడు. అయినా నేను ఆ స్టూడియో వదలలేదు. ఆ ఒక్క మాట ఆయన నోటి నుంచి వినేదాకా కదిలేది లేదని మొండికేశాను. నా పట్టుదల సంగతి ఆయనకు తెలుసో లేదో గానీ, ఆయన మాత్రం ఆ మాట అనలేదు.

అన్నీ తెలిసిన మనిషై తిడితే అదో దారి. ఆయనకు తెలియనివీ బోలెడు ఉండేవి, వాటికీ నన్నే తిట్టేవారు. వానకాలం చెమ్మకు లెన్సులో బూజు పడుతుందని ఎవరో చెప్పారట. ఒకరోజు వచ్చి చూస్తే సంచిలో కెమెరా లేదు. దొంగలు పడ్డారని నేను ఆగమాగమవుతుంటే, తాపీగా ఇంటికి తీసుకుపోయి బియ్యం డ్రమ్ము మూత తీసి చూపించారు. బియ్యంలో మెడ దాకా మునిగి ఉంది కెమెరా.

"సార్, బియ్యం పిండి లోపలికి పోతది సార్!"

"ఉప్పుల నాలుగు బియ్యం గింజలేస్తే చెమ్మ గుంజుతయా లేదా? గిదీ గంతే. డిగ్రీ చదివినవు, గీ పాటి తెల్వదా?"

వారం తిరగకుండానే లెన్సు తిప్పితే విసుర్రాయి తిప్పినట్టు గరగరమంది. హైదరాబాదు పంపి విప్పించి తుడిపించాల్సి వచ్చింది. అప్పుడు నేనే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా కొని, చెమ్మ పీల్చే పొట్లాలు వేసి అందులో పెట్టాను. ఆయన డబ్బా మూత రెండుసార్లు తీసి పెట్టి చూశారు. బుద్ధి వచ్చిందని సంతోషపడ్డాను. మర్నాడు డబ్బా తెరిస్తే ఆ పొట్లాల పక్కన, గుడ్డలో మూటగట్టిన గుప్పెడు బియ్యం ఉన్నాయి.

దసరా సంగతి చెబితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయుధ పూజకు కెమెరాను పీట మీద పెట్టారు, పువ్వులు పెట్టారు, బాగానే ఉంది. నేను కొబ్బరికాయ తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, లెన్సు అద్దం నడిమధ్యన కుంకుమ బొట్టు. అదీ నూనెలో తడిపిన కుంకుమ.

"అద్దానికి ఎందుకు పెట్టిండ్రు సార్? పైన ఇంత జాగా ఉన్నది గద!"

"దానికి కన్ను గదే. కంటికి పెట్టకుండ ఈపుకు వెడ్తరా?"

పండుగ పూట అందరూ కొత్తబట్టలు కట్టుకుని జమ్మి పెట్టడానికి పోతుంటే, నేను మెత్తటి గుడ్డ పట్టుకుని ఆ అద్దం తుడుస్తూ కూర్చున్నాను. మధ్యలోది పోయింది. అంచు కింద దూరింది మాత్రం పోలేదు. ఆ లెన్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది, దాని అంచున సన్నటి ఎర్ర గీత కూడా ఉంది.

పెళ్ళిళ్ళకు పోతే ఇంకో తలనొప్పి. పెళ్ళింట్లో ముసలివాళ్ళు కనబడితే చాలు, ఒక్కొక్కరినీ పిలిచి గోడ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, విడిగా ఫోటో తీయించేవారు. ఎవరూ అడగరు. అవి ఆల్బంలోకీ ఎక్కవు. పానగల్‌లో ఒక పెళ్ళికి, అవతల జీలకర్ర బెల్లం వేళవుతుంటే ఈయన ఒక అవ్వ కొంగు సర్దుతూ నిలబడ్డారు. పెళ్ళికూతురి అన్న వచ్చి నా మీద గయ్యిమన్నాడు. నేను పరుగెత్తి పెళ్ళి తీసి, తిరుగు దారిలో కారులో నా కసి తీర్చుకున్నాను.

"ఎవలు అడిగిండ్రు సార్ గా ఫోటోలు?"

"ఇప్పుడడగరు. మనిషి పోయినంక వస్తరు. గుంపుల దిగిన ఫోటో తెచ్చి, అండ్లకెల్లి మొఖం కత్తిరించియ్యమంటరు. భుజం మీద ఇంకెవలిదో చెయ్యి మిగుల్తది. మనిషి గోడకెక్కేది గట్లనా?"

కెమెరా సంచి ఒళ్ళోకి లాక్కుని, "మరి మీది?" అన్నాను.

"కటింగ్ చేయించుకున్నంక దిగుత."

ఎప్పుడడిగినా అదే జవాబు. కటింగ్ చేయించుకుని వచ్చిన రోజు అడిగితే, మరీ పొట్టిగా కొట్టాడనేవారు.

ఒకనాటి మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి ఎడమ చెయ్యి గుంజుతోందన్నారు. నల్లగొండ దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది. తెల్లవారి ఆయన భార్య సుగుణమ్మ నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, మీ సార్ ఫోటో ఒకటి మంచిది చూసి పటం కట్టించుకొని రా. దండెయ్యాలె."

స్టూడియోకు వచ్చి కంప్యూటరంతా గాలించాను. ఊరందరి మొహాలూ ఉన్నాయి. అందరి అవ్వలూ తాతలూ కుర్చీల్లో విడివిడిగా కూర్చుని ఉన్నారు. ఈయన ఎక్కడా లేరు. ఒక పెళ్ళిలో ఆయన వీపు దొరికింది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇన్ని వందల మందిని గోడకెక్కించి, తను మాత్రం కటింగ్ వంక పెట్టి తప్పించుకున్నారని పళ్ళు నూరుకున్నాను. ఏం చేయాలో తోచక, చేతులు ఊరికే ఉండలేక కెమెరా తీశాను. బుడ్డితో ఊదాను, స్విచ్ వేశాను. అలవాటు కొద్దీ వేలు ఫార్మాట్ దాకా పోయింది. కార్డులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని తెర అడిగింది. నొక్కబోయి ఆగాను. చూసి చెప్తున్నవా, అనుకొని చెప్తున్నవా?

చూశాను. నిన్న పొద్దున తీసిన పరీక్ష ఫోటో. అలాంటివి కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతే మాకు లేదు, ఏ రోజుది ఆ మర్నాడే చెరిగిపోయేది. ఇదొక్కటే మిగిలింది. అద్దాలు నుదుటి మీద, ఒక కనుబొమ్మ పైకి, చెంప పక్కన దస్తీ. నోరు సగం తెరిచి ఏదో అంటున్నారు. ఖచ్చితంగా తిట్టే అయి ఉంటుంది.

కంప్యూటర్‌లో వేసి, దస్తీ తీసేద్దామా, నోరు మూద్దామా అని చాలాసేపు తంటాలు పడ్డాను. ఏం చేసినా ఆయనలా లేదు. చివరికి ఉన్నదున్నట్టు పటం కట్టించి, భయపడుతూనే తీసుకెళ్ళి సుగుణమ్మ చేతిలో పెట్టాను. ఆమె కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది.

"గిట్లనే ఉంటుండె," అంది. "నవ్వేది తెస్తే ఎవలో అనుకుందు." మళ్ళీ చూసి, "మంచిగ తీసినవ్ బిడ్డా," అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అక్కడ ఆగలేదు.

ఇప్పుడు స్టూడియో నేనే చూసుకుంటున్నాను. ఆ కార్డు ఒక్కటి ఫార్మాట్ చేయకుండా డబ్బాలో దాచాను, బియ్యం మూట పక్కన. ఆయన చట్టాన్ని నేను దాటింది అక్కడ మాత్రమే. అదే ఫోటో ఇంకొకటి పెద్దది చేయించి గోడకు పెట్టాను. రోజూ పొద్దున కార్డు ఖాళీ చేసి, అద్దం మీద వెలుతురు మెరవకుండా పక్కకు జరిగి, ఆ పటాన్నే పరీక్ష ఫోటో తీస్తాను. దస్తీ తెల్లగా వచ్చిందా, కళ్ళు స్పష్టంగా ఉన్నాయా అని పెద్దది చేసి చూస్తాను. ఏ వంకా దొరకనప్పుడు తెరను గోడ వైపు తిప్పి చూపిస్తాను.

"ఇప్పుడన్న చెప్పుర్రి సార్, మంచిగుందా?"

సగం తెరిచిన నోరు అలాగే ఉంటుంది. ఊఁ అనుకుని, నేనే చాయ్ తాగడానికి వెళ్ళిపోతాను.