మగ్గమెక్కిన కోడి

ఇప్పుడంటే ఇంట్లోకి పామొచ్చినా కోతొచ్చినా చేతిలో ఫోనుంటుంది. ఫోటో తీసి గ్రూపులో పెడితే చాలు, పట్టేవాళ్లు బండేసుకుని వస్తారు. (వాళ్లొచ్చేలోపు అది ఎటో పోతుంది, అది వేరే సంగతి.) నేను ధర్మవరానికి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఇంట్లోకి ఏది దూరినా చీపురుకట్టే దిక్కు. చీపురు ఎవరి చేతిలో ఉంటే పని వాళ్ల నెత్తినే. మా వీధిలో ఈనాటికీ ఎవరింట్లోకైనా ఉడుము దూరినా, ముంగిస దూరినా, "గంపక్కను పిలవండప్పా" అంటారు. ఆ గంపక్కను నేనే. సొంత డబ్బా కొట్టుకోకూడదంటారు గానీ, ఈ ఒక్క విషయంలో నేను కొట్టుకుంటాను, వీధి చివరిదాకా వినపడేటట్టు కొట్టుకుంటాను. ఆ పేరు నాకు ఊరికే రాలేదు మరి.

మాది సోమందేపల్లి దగ్గర ఒక పల్లె. మా తాత కాలంలోనే మగ్గాలు వదిలేసి వేరుశనగ సేద్యంలోకి దిగిపోయారు. అందుకని నాకు కలుపు తీయడం తెలుసు, గొర్రెల సంగతి తెలుసు, కోళ్లయితే మరీ తెలుసు. పట్టుదారం సంగతి మాత్రం సున్నా. అత్తగారింట్లో నేను పోగును అటూ ఇటూ నడిపే నాడె ముట్టుకుంటే దారం తెగేది. పక్కన కూర్చుని పోగులు అందించమంటే, అందించేలోపు చిక్కుపడి కూర్చునేవి. అవ్వ, అంటే మా మామ తల్లి, మంచం మీద నుంచే తీర్పు చెప్పేసింది: "ఈ పిల్లవి కోళ్లు పట్టే చేతులమ్మీ, దారం పట్టే చేతులు గాదు." ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చాను. (ఏడుస్తూనే పప్పు ఎనిపాను. ఆ పూట ఉప్పు సరిపోయిందని కూడా అన్నారు.)

మామ మాటలు తక్కువ మనిషి. తన వయసంతా ఎవరెవరి కూతుళ్లకో పెళ్లిచీరలు నేసినవాడు. సొంత కూతురికి, అంటే నా ఆడబిడ్డకు, హిందూపురం సంబంధం కుదిరేసరికి బయటి చీరలన్నీ పక్కనపెట్టి ఆ పిల్ల కోసం మగ్గం మీద పడుగు, అదే నిలువు పోగులు, ఎక్కించాడు. మీగడ రంగు ఒళ్లు, కుంకుమ రంగు అంచు. "నా కూతురు నా మగ్గం మీద దిగిన చీర కట్టుకొనే పీటల మీద కూర్చోవల్ల" అన్నాడు. ఆయన నోట నేను విన్న అతి పొడుగాటి మాట అదే. పెళ్లి దగ్గరికొచ్చేసింది. చీర ఒళ్లంతా అయిపోయి కొంగు దగ్గరికి వచ్చింది.

అప్పుడొచ్చింది ఆ మహాతల్లి. ఆ పొద్దు అత్తా, నా మొగుడూ, ఆడబిడ్డా పెళ్లివాళ్లతో మాట్లాడాల్సినవి ఉన్నాయని హిందూపురం పోయారు. ఇంట్లో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని మామ, లోపలి గదిలో మంచం మీద అవ్వ, వంటింట్లో నేను. ఉన్నట్టుండి వాకిట్లో కాకులు గోల గోల. ఏమిటా అని బయటికొచ్చానో లేదో, తెల్లటిదేదో నా తల మీదుగా చప్పుడు లేకుండా ఇంట్లోకి దూరిపోయింది. పోయి పోయి ఎక్కడ కూర్చుందనుకున్నారు? మగ్గం మీద, అంచుల్లో బుటాలు లేపే జకార్డు పెట్టె అంచున. సరిగ్గా దాని కింద మీగడ రంగు పడుగు పరుచుకుని ఉంది. తల తిప్పి చూసిందండీ నా వైపు, చపాతీ అంత గుండ్రటి మొహం, రెండు నల్లటి కళ్లు. గుడ్లగూబ!

మగ్గం చప్పుడు ఆగిపోయింది.

తెలియనివాళ్లకు చెప్తాను. మా వైపు గూబ ఇంట్లోకి దూరిందంటే ఆ ఇల్లు విడవాలి. తాళం వేసి నెలల తరబడి వేరేచోట ఉండి, శాంతి చేయించుకుని అప్పుడు తిరిగి రావాలి. సేద్యగాళ్లయితే మంచమూ గిన్నెలూ నెత్తిన పెట్టుకుని పోతారు. గుంతలో పాతిన మగ్గాన్ని, దాని మీద బిగించిన పడుగును ఎట్లా మోసుకుపోవడం? పై వీధిలో ఒకరు ఇట్లాగే ఇల్లు విడిచిపోతే, తాళం తీసేనాటికి పట్టంతా ఎలుకలు కొట్టేసి ఉన్నాయట. ఆ కథ నాకు చెప్పింది అవ్వే. చెప్పి, చివర్లో "అయినా గానీ విడవల్లమ్మీ, తప్పదు" అని ఖాయం చేసింది. కాబట్టి ఇప్పుడు ఆ పక్షిని అవ్వ చూసిందంటే చీర కొంగు లేకుండానే ఆగిపోతుంది, ఆడబిడ్డ కొట్లో కొన్న చీర కట్టుకుని పీటలెక్కుతుంది.

మామ గుంతలోంచి కదల్లేదు. గొంతు బాగా తగ్గించి, "అమ్మా, నేను చూస్తాండేది అదేనా?" అన్నాడు.

"అదే మామా."

"అవ్వ?"

"పండుకోనుండాది."

"అయితే చీర పోయినట్లే తల్లీ" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత పెద్దమనిషి, మంచి మనిషి, ఒక పిట్టను చూసి కళ్లనీళ్లు పెట్టుకోవడమా! నాకు భయం పోయి ఒళ్లు మండింది.

"మామా, ఇంట్లోకి దూరింది కోడి" అన్నాను.

"ఏమ్మా?"

"కోడి. నాటుకోడి. మీరు లేసి ఈ దుప్పటి ఆ కొస పట్టండి ముందు."

పడుగు మీద ఆనకుండా చెరొక వైపు దుప్పటి లాగి పట్టుకున్నామో లేదో, టప్ మని తెల్లటి ఆశీర్వాదం ఒకటి దుప్పటి నడిమధ్యలో పడింది. క్షణం ముందు పడుంటే ఆ మీగడ పట్టు గతి ఏమయ్యేదో! మామ కళ్లు మూసుకుని ఏదో దేవుడికి మనసులోనే దండం పెట్టాడు. దుప్పటి కొసలు మగ్గం స్తంభాలకు కట్టేసి, స్టూలు వేసుకుని ఎక్కాను. అది గోళ్లతో జకార్డు దారాలను పట్టుకుని ఉంది. లాగితే దారాలు తెగుతాయి, అదిలిస్తే ఎగిరి మగ్గమంతా కలియతిరుగుతుంది. "తెగితే కట్టేదానికి నెల పడుతుంది తల్లీ, నిదానం" అని కింద నుంచి మామ గొణుగుడు. నాకేమో మా అమ్మ పొదుగుకోడిని గుడ్ల మీద నుంచి లేపే తీరు గుర్తొచ్చింది. పైన తువ్వాలు కప్పి కళ్లకు చీకటి చేసి, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి మెల్లగా పైకి ఎత్తితే ఎంత మొండి కోడైనా పట్టు వదిలి చేతి మీదికి వస్తుంది. కోడికి పనిచేసింది గూబకు పనిచేయదా? తువ్వాలు కప్పాను. చెయ్యి పెట్టాను. దాని గుండె నా అరచేతిలో దడదడా కొట్టుకుంటోంది. పాపం, నాకంటే అదే ఎక్కువ భయపడింది. "రా తల్లీ, రా" అన్నాను. ఒక గోరు వదిలింది. ఇంకో గోరు వదిలింది. ఒక్క దారం తెగలేదు! నేను ముట్టుకుంటే దారం తెగకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

గంపలో పెట్టి, పైన పళ్లెం మూసి, తువ్వాలుతో కట్టేశాను. అప్పుడు లేచింది అవ్వ. "ఏమ్మీ అది, దబదబా చప్పుడు?"

"కోడవ్వా! మగ్గమెక్కినాది!"

"ఏరా, నిజమేనా?"

జన్మలో అబద్ధమాడని మా మామ ఇంటికప్పు వైపు చూస్తూ, "కోడేమ్మా" అన్నాడు.

"మగ్గమెక్కిన కోడిని వదలగూడదురా. కోసి కూర చేయమను!" అని లోపల నుంచి ఆర్డరు వచ్చింది. నేను అప్పటికే గంప చంకనెత్తుకుని వాకిలి దాటాను.

దాటితే ఏముంది, ఎదురింటి గుమ్మంలో మైకక్క. ఆమెకు ఒక సంగతి తెలిసిందంటే ఊరికంతా తెలిసినట్టే, అందుకే ఆ పేరు. పైగా నేను బయటికి రావడంతోనే కాకుల గుంపు నా నెత్తిమీదికి దిగి, ఒకటే అరుపులు.

"యాడికే పోతాండావు గంపెత్తుకోని?"

"కోడికి జబ్బు చేసినాదక్కా. డాక్టరు దగ్గరికి."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు గంపలోంచి బుస్సుమని శబ్దం. మైకక్క అడుగు వెనక్కి వేసింది. "ఏమే, కోడి పాము మాదిరి బుసకొడతాంది?"

"అదేనక్కా జబ్బు."

"మరి ఈ కాకులేమే నీ వెంట?"

"అవి రోజూ మా వాకిట్లో దాంతో కలిసి గింజలు తింటాయి గదక్కా. వాటికీ దిగులుండదా?" (ఇంత తెలివి నాకు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా రాలేదు.)

"నా కోళ్లకు అంటుకుంటాదేమో, బిరీన పో తల్లీ!" అని తలుపేసుకుంది.

కాకుల మేళంతో ఊరేగింపుగా ఊరి చివర మూతబడిన శనగకాయల మిల్లు దాకా నడిచాను. నీడలో గంప తెరిచాను. అది బయటికొచ్చి, ఈకలు సర్దుకుని, నన్నొకసారి ఎగాదిగా చూసి, పగిలిన కిటికీలోంచి లోపలికి ఎగిరిపోయింది. ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. వచ్చేదారిలో కోళ్లంగట్లో అవ్వ ఆర్డరు నెరవేర్చడానికి ఒక నాటుకోడిని కొని అదే గంపలో వేసుకున్నాను. మైకక్క కిటికీలోంచి చూసి, "అప్పుడే నయమైందా? ఏం డాక్టరే!" అంది. ఆ డాక్టరు ఎవరో చెప్పమని తర్వాత చాన్నాళ్లు నా ప్రాణం తీసింది. నన్ను గంపక్క అని మొదట పిలిచిందీ, ఆ పేరు వీధంతా మోగించిందీ ఆమే.

రాత్రి రాగిసంగటి, కోడికూర. అవ్వ రెండోసారి పెట్టించుకుని, "మగ్గమెక్కిన కోడి రుచే వేరమ్మీ" అంది. మామ తల వంచుకుని తింటున్నాడు గానీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంత నవ్వు ఆయనలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. అవ్వ చేయి కడుక్కుంటూ, "ఈ పిల్లవి కోళ్లు పట్టే చేతులని నేను ముందే చెప్పలా?" అంది. అవే మాటలు. ఈసారి వంటింట్లోకి పోయి ఏడవలేదు, తల ఎత్తుకుని ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

చీర దిగింది. ఇరువైపులవాళ్లకూ మధ్యలో ఉంటుందని పెళ్లి పెనుకొండలో పెట్టారు. ముందురోజు చీర మడతపెడుతుంటే కొంగు కొసన, లోపలి మూలకు, గోరంత జరీ బుటా ఒకటి కనబడింది. డిజైను కోసం చిల్లులు కొట్టిన జకార్డు అట్టల్లో లేనిది, మామ చేత్తో ఒక్కొక్క పోగూ ఎత్తి నేసింది. గుండ్రటి మొహం, రెండు కళ్లు. అవ్వ చీరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేమి పిట్టరా?"

"కోడేమ్మా."

"కోడికి ఇంతింత కండ్లేమిరా?"

మామ నా వైపు చూశాడు. "జబ్బు చేసిన కోడిలేమ్మా" అన్నాడు.

అవ్వ ఇప్పుడు లేదు. మామ చూపు ఆనక మగ్గం దిగాడు. నాకూ మోకాళ్ల నొప్పులొచ్చాయి. వీధిలో ఎవరైనా పిలిస్తే గంప తీసుకుని పోతాను గానీ, స్టూలెక్కే పని మాత్రం వేరేవాళ్లకు చెప్తాను. స్టూలు మీద చెయ్యి చాపి "రా తల్లీ" అన్న ఆనాటి కొత్త కోడలు ఒక్కోసారి గుర్తొస్తుంది, ఎంత ధైర్యమే నీకు అని ముద్దొస్తుంది. హిందూపురం పోయినప్పుడల్లా ఆడబిడ్డ కూతురు బీరువాలోంచి ఆ చీర తీసి నా ఒళ్లో వేస్తుంది, తన పెళ్లికీ అదే కడుతుందట. నాడె పట్టడం నాకు ఈనాటికీ రాలేదు. అయినా మామ నేసినవాటిలోకెల్లా మంచి చీరలో, ఆ మూలన గోరంత చోటు నాది. మొన్న ఆ పిల్ల దాని మీద వేలు పెట్టి, "ఇదేం పిట్టత్తా?" అని అడిగింది.

"కోడి" అన్నాను.